గడ్డకు నెత్తురు కాలువ బంద్: నెలకు 2,80,428 రూపాయల మందు 8,880కి దిగిన వైనం

బాన్సువాడ: ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని పట్నం డాక్టరు తేల్చిన మర్నాడు మన పల్లెల్లో రెండు మాటలు పుడతాయి. దానికి మందు లేదట అన్నది ఒకటి. ఏ మడి అమ్ముదాం అన్నది రెండోది. మొదటి మాట ఈ రోజుల్లో పూర్తిగా నిజం కాదు. రెండో మాటకు తొందరపడే ముందు తెలుసుకోదగిన సంగతులు కొన్ని ఉన్నాయి.

కత్తితో కోయడం, కరెంటు పెట్టడం, సెలైన్‌లో మందెక్కించడం - క్యాన్సర్‌కు ఈ మూడు వైద్యాలూ మన వాళ్లకు వినికిడి ఉన్నవే. నాలుగోది ఒకటి ఉంది. గడ్డకు అందే నెత్తురును ఆపి దాన్ని ఎండగట్టడం. ఈ పద్ధతి మందులు 2004 నుంచి ప్రపంచంలో వాడుకలోకి వచ్చాయి. వాటిలో కాలేయం, మూత్రపిండాల క్యాన్సర్లకు ఇచ్చే సోరాఫెనిబ్ అనే మాత్ర ధరను నేల మీదికి దించింది హైదరాబాదు కంపెనీయే కావడం విశేషం. అది ఎలా జరిగిందో, ఇంతకూ ఆ మందు ఏం చేస్తుందో, ఏం చేయలేదో ఈ వ్యాసంలో వివరిస్తున్నాం.

కాలువకు దొంగ గండి

నిజాంసాగర్ కింద సేద్యం చేసేవారికి ఈ విషయం తొందరగా బోధపడుతుంది. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన ఆ ప్రాజెక్టు కాలువ మన పొలాలకు తల్లి. పెద్ద కాలువ, దాని నుంచి డిస్ట్రిబ్యూటరీలు, వాటి నుంచి తూములు, తూముల కింద పిల్లకాలువలు. ఎంత మంచి నేల అయినా పిల్లకాలువ అందని మడిలో నాటు పడదు. మన ఒంట్లో నెత్తురు పారకం కూడా అచ్చంగా ఇదే ఏర్పాటు. గుండె దగ్గర బొటనవేలి లావు ఉన్న నాళం చీలుతూ చీలుతూ పోయి చివరికి వెంట్రుక కన్నా సన్నమవుతుంది. ఆ చివరి సన్న నాళానికి మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే అయిదో వంతు దూరంలో ఉన్న కణానికే ప్రాణవాయువు, తిండి అందుతాయి. అంతకు మించి దూరమైతే చివరి ఆయకట్టు మడి గతే.

క్యాన్సర్ కణం ఎంత అదుపు తప్పినదైనా ఈ నియమాన్ని దాటలేదు. తనకంటూ నెత్తురు కాలువ లేనంత కాలం ఆ గడ్డ ఒకటి రెండు మిల్లీమీటర్ల దగ్గర, అంటే ఆవగింజంత అయ్యాక, ఆగిపోతుంది. ఏళ్ల తరబడి అలాగే పడి ఉండవచ్చు. మనిషికి తెలియను కూడా తెలియదు.

అది ఆవగింజ దాటి నిమ్మకాయ కావాలంటే గండి కొట్టాలి. రాత్రి పూట కాలువ గట్టుకు పలుగు వేసి తన మడికి నీళ్లు మళ్లించుకునే వాడు ప్రతి ఊళ్లో ఒకడుంటాడు. లష్కర్లకు వాడు ఎవరో తెలుసు కూడా. క్యాన్సర్ గడ్డ చేసేది ఆ పనే, కాకపోతే పలుగు అక్కరలేదు. ప్రాణవాయువు చాలక ఉక్కిరిబిక్కిరి అయినప్పుడు అది ఒక రకం మాంసకృత్తును చుట్టుపక్కలకు వదులుతుంది. దాని పేరు పొడి అక్షరాల్లో వి.ఇ.జి.ఎఫ్. ఆ కబురు తగిలిన వెంటనే దగ్గరలోని రక్తనాళం గోడలో ఉన్న కణాలు కదిలి, మొలకెత్తి, గడ్డ వైపు సాగుతాయి. కాలువ గట్టు మట్టి తనంత తానే జరిగి పిల్లకాలువ అయినట్లన్న మాట. కొద్ది రోజుల్లో గడ్డలోకి నెత్తురు పారుతుంది. ఇక పెరుగుదలకు అడ్డు లేదు. అంతే కాదు, అదే దారిన కొన్ని క్యాన్సర్ కణాలు బయటపడి నెత్తురులో కలిసి ఊపిరితిత్తులకో, ఎముకలకో చేరతాయి. ఒక చోటి జబ్బు ఒళ్లంతా పాకడం ఇలాగే.

గడ్డను పెరికే బదులు ఈ గండిని పూడిస్తే? ఈ వైద్యం మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీద నిలబడింది.

నవ్విన వాళ్ల ముందే

ఆ ప్రశ్న వేసినవాడు అమెరికాలోని బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్. 1933లో పుట్టాడు. 1960ల మొదట్లో నౌకాదళంలో పని చేస్తూ ఉండగా ఒక వింత చూశాడు. కుందేలు మెడలోని థైరాయిడ్ గ్రంథిని గాజు పాత్రలో బతికించి ఉంచి, అందులో క్యాన్సర్ కణాలను పెడితే అవి ఆవగింజంత పెరిగి ఆగిపోయాయి. చచ్చిపోయాయా అంటే లేదు. వాటినే తీసి ఎలుకలో పెడితే బలిసి గడ్డలయ్యాయి. తేడా ఏమిటి? గాజు పాత్రలోని గ్రంథిలో కొత్త రక్తనాళాలు మొలవలేదు, ఎలుకలో మొలిచాయి.

ఈ సంగతిని ఆయన దాదాపు పదేళ్లు మనసులో నానబెట్టి 1971 నవంబరులో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో ప్రకటించాడు. క్యాన్సర్ గడ్డ తనకు తానే నాళాలు పుట్టించుకుంటోంది, వాటిని ఆపితే గడ్డ ఆగుతుంది అని రాశాడు. పెద్దలు నవ్వారు. గడ్డల చుట్టూ కనిపించే నాళాలు వాపు వల్ల వచ్చినవే, ఇందులో కొత్తేమీ లేదన్నారు. సభల్లో ఆయన మాట్లాడటానికి లేస్తే కొందరు లేచి బయటికి పోయేవారని ఆయనే తరువాతి కాలంలో చెప్పుకున్నాడు.

ఆయన వాదించడం మాని కుందేలు కన్ను తీసుకున్నాడు. కంటి నల్లగుడ్డు ముందర అద్దంలా ఉండే పొరలో రక్తనాళాలు ఉండవు. అందువల్ల అక్కడ ఒక్క నాళం మొలిచినా కంటికి కనిపిస్తుంది. ఆయన బృందం ఆ పొరలో చిన్న క్యాన్సర్ ముక్క పెడితే, కంటి అంచు నుంచి ఎర్రటి నాళాలు బారులు తీరి ఆ ముక్క వైపే నడిచాయి. అవి తాకిన రోజు నుంచి ముక్క ఉబ్బసాగింది. కంటిలోని నీటిలో తేలుతూ, నాళాలు అందని ముక్క మాత్రం చిన్నగానే ఉండిపోయింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

కాగా ఇదే బోస్టన్ పిల్లల ఆసుపత్రికి మన తెలుగువాడితో పాత బంధం ఉన్న సంగతి చాలామందికి తెలియదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఉండగా ఆయన బృందం తయారు చేసి ఇచ్చిన అమినోప్టెరిన్ అనే మందుతోనే, ఆ ఆసుపత్రి వైద్యుడు సిడ్నీ ఫార్బర్ నెత్తురు క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో తొలిసారి జబ్బును తాత్కాలికంగా వెనక్కి నెట్టాడు. 16 మంది పిల్లల్లో పదిమందికి గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. ఆ ఏడే ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. మన పొలం భాషలో చెప్పాలంటే సుబ్బారావు మందు గడ్డికి ఎరువు అందకుండా చేసింది. ఫోక్‌మన్ ఆలోచన నీళ్లే అందకుండా చేయడం.

గండి కొట్టే ఆ మాంసకృత్తు ఏదో విడదీసి చూపడానికి 1989 దాకా పట్టింది. ఇటలీ నుంచి అమెరికా వెళ్లిన నెపోలియోనె ఫెరారా అనే శాస్త్రవేత్త ఆ పని చేశాడు. దాన్ని పట్టి కట్టేసే ప్రతిరక్షక పదార్థాన్నీ ఆయన బృందమే తయారు చేసింది. అదే బెవాసిజుమాబ్ అనే ఇంజక్షన్. 2004 ఫిబ్రవరిలో పెద్దపేగు క్యాన్సర్‌కు అమెరికాలో అనుమతి పొందింది. 1971 నుంచి లెక్క వేసుకుంటే 33 ఏళ్లు. ఫోక్‌మన్ దాన్ని కళ్లారా చూసి, 2008 జనవరిలో ప్రయాణంలో ఉండగా విమానాశ్రయంలో మరణించాడు.

మధ్యలో ఒక హడావుడి కూడా జరిగింది. ఫోక్‌మన్ ప్రయోగశాలలో వేరే రెండు పదార్థాలు ఎలుకల్లో గడ్డలను కరిగించాయని 1998 మే నెలలో న్యూయార్క్ పత్రిక ఒకటి మొదటి పేజీలో వేసింది. మర్నాడు ఆ మందుల కంపెనీ వాటాల ధర ఆకాశానికి ఎగిరింది, ప్రపంచం నలుమూలల నుంచి రోగుల ఫోన్లు మోగాయి. ఎలుకకు క్యాన్సర్ వస్తే మేము బాగు చేయగలం అంటూ ఫోక్‌మన్ నవ్వుతూనే జాగ్రత్త చెప్పాడు. ఆ రెండు పదార్థాలు మనుషుల్లో ఆశించిన మేలు చూపలేదు. పత్రికల వాళ్లం మొదటి పేజీకి ఎక్కించే ముందు ఎలుకకూ మనిషికీ తేడా ఉందని గుర్తుంచుకోవాలి.

తూము బంద్ పెడితే వరి ఎండదా?

ఈ కథ బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో చెబుతూ ఉంటే పక్క బల్ల మీది పెద్దాయన, వరి రైతు, గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"నువ్వు జెప్పేది మంచిగనే ఉన్నది గాని తమ్మీ, తూము బంద్ వెడితే గడ్డి ఒక్కటే ఎండుతదా, వరి సుత ఎండదా?"

"మనిషి ఒంట్ల కాలువలు చిన్నప్పుడే తవ్వి పెట్టినయి కాకా. ఈ మందు కొత్తగ కొట్టే గండినే ఆపుతది" అన్నాను.

"మరి దెబ్బ తాకితే? పుండు మానాలంటే కొత్త నెత్తురు రావాలె గద?"

డాక్టర్లు రోగికి చెప్పవలసిన మాట ఆయన చదువు లేకుండానే పట్టుకున్నాడు. ఎదిగిన మనిషిలో కొత్త నాళాలు మామూలుగా పుట్టవు. పుట్టే సందర్భాలు కొన్నే: గాయం మానేటప్పుడు, ఆడవారికి నెలసరి అప్పుడు, కడుపుతో ఉన్నప్పుడు. సరిగ్గా అక్కడే ఈ మందులు దెబ్బ తీస్తాయి. వీటి మీద ఉన్న రోగికి గాయం త్వరగా మానదు. అందుకే బెవాసిజుమాబ్ ఇచ్చే వారికి ఆపరేషన్‌కు ముందూ తరువాతా కనీసం 28 రోజుల ఎడం పాటిస్తారు. పాత నాళాలు కూడా ఆ వి.ఇ.జి.ఎఫ్. కబురు మీద కొంత ఆధారపడి ఉంటాయి కనుక బి.పి. పెరుగుతుంది. కొందరికి నెత్తురు పడుతుంది. అరుదుగా పేగుకు రంధ్రం పడిన సందర్భాలూ ఉన్నాయి. సోరాఫెనిబ్ మాత్ర వేసుకునే వారికి అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండి తోలు ఊడుతుంది, విరేచనాలవుతాయి. గర్భిణులకు ఈ మందులు ఇవ్వకూడదు.

గర్భిణుల మాట వచ్చింది గనుక థాలిడోమైడ్ సంగతి చెప్పక తప్పదు. జర్మనీలో 1957 నుంచి నిద్రమాత్రగా, వేవిళ్లకు ఉపశమనంగా అమ్మిన ఈ మందు వల్ల పలు దేశాల్లో పదివేల మందికి పైగా బిడ్డలు చేతులు, కాళ్లు పొట్టిబారి పుట్టారు. 1961 నవంబరులో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ తరువాత కొన్నేళ్లకే జెరూసలేంలో జాకబ్ షెస్కిన్ అనే వైద్యుడు కుష్ఠు రోగుల్లో వచ్చే ఒక రకం బాధాకరమైన వాపుకు అదే మాత్ర పని చేస్తుందని గమనించాడు. 1915 నాటి డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిని ఎరిగిన మన ప్రాంతం వారికి ఆ జబ్బు పెట్టే బాధ కొత్త కాదు. తరువాత 1994లో ఫోక్‌మన్ దగ్గర పని చేసే రాబర్ట్ డి'అమాటో, థాలిడోమైడ్ కుందేలు కంటిలో కొత్త నాళాలను ఆపుతుందని చూపాడు. బిడ్డల చేతులు ఎదగకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చని ఆయన ఊహ. దాని ఆధారంగా ఎముక మజ్జ క్యాన్సర్‌లో వాడి చూస్తే, ఇతర మందులు ఓడిన రోగుల్లో కొందరికి గుణం ఇచ్చింది. 1999లో ఆ ఫలితాలు వెలువడ్డాయి, 2006లో ఆ జబ్బుకు అమెరికా అనుమతి వచ్చింది. అది అక్కడ పని చేసేది నాళాలను ఆపడం వల్ల మాత్రమే కాదని తరువాత తేలింది. ఏమైతేనేం, కడుపులో బిడ్డకు విషమైన మందే ముసలితనపు క్యాన్సర్‌కు ఔషధమైంది. ఈ మాత్ర ఏ ఇంట్లో ఉన్నా కోడళ్లకు, కూతుళ్లకు దూరంగా తాళం వేసి ఉంచాలి.

మందు ఎంత కాలం కొంటుంది?

ఇక్కడ దాపరికం పనికి రాదు. ఈ మందులు చాలా మందికి క్యాన్సర్‌ను మాన్పవు. కాలాన్ని కొంటాయి.

కాలేయ క్యాన్సర్ ముదిరి కోతకు వీలు లేని 602 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వారిలో సగం మంది 7.9 నెలలు దాటి బతికారు. సోరాఫెనిబ్ వేసుకున్న వారిలో సగం మంది 10.7 నెలలు దాటారు. తేడా మూడు నెలల లోపు. అంతకు ముందు ఆ దశలో ప్రాణం పొడిగించిన మాత్రే లేదు గనుక వైద్యులు దాన్ని గొప్ప విజయంగా చెప్పుకున్నారు. పెద్దపేగు క్యాన్సర్‌లో మామూలు మందులకు బెవాసిజుమాబ్ కలిపితే 15.6 నెలల గడువు 20.3 నెలలయింది. రొమ్ము క్యాన్సర్‌లో మాత్రం అదే ఇంజక్షన్ ప్రాణం పొడిగించలేదని, ప్రమాదమే ఎక్కువని తేలి 2011 నవంబరులో అమెరికా అధికారులు ఆ అనుమతిని రద్దు చేశారు. ఒక క్యాన్సర్‌కు పనికొచ్చింది మరో క్యాన్సర్‌కు పనికి రాకపోవచ్చు. పక్క ఊరి ఫలానా ఆయనకు ఇచ్చారట, మాకూ రాయండి అని డాక్టరును పట్టుబట్టడం తగదు.

ఎందుకు ఇంతేనంటే, దొంగ ఒక గండితో ఊరుకోడు. వి.ఇ.జి.ఎఫ్. దారి మూస్తే గడ్డ వేరే మాంసకృత్తులతో వేరే దారి తవ్వుకుంటుంది. కొన్ని నెలల తరువాత మందు ఉన్నా గడ్డ పెరగడం మొదలవుతుంది. ఇంకో చిక్కూ ఉంది. గడ్డ తవ్వుకున్న కాలువలు వంకర టింకరగా, కారుతూ, సగం పూడి ఉంటాయి. సెలైన్‌లో ఎక్కించిన మందు కూడా ఆ కాలువల్లో సరిగా పారి గడ్డ నడిమికి చేరదు. కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి బోస్టన్‌లో స్థిరపడిన రాకేశ్ జైన్ 2001లో దీని నుంచి తలకిందుల వాదన ఒకటి తీశాడు. ఈ మందును మోతాదు చూసి ఇస్తే, ఆ కారే కాలువలు కొద్ది కాలం చక్కబడతాయని, ఆ సందులో ఇతర మందులు లోపలికి బాగా పారుతాయని ఆయన చెప్పాడు. గండిని పూర్తిగా పూడ్చే ముందు అందులోంచే గడ్డిమందు పారించడం లాంటిది.

ఒంటరిగా కంటే జోడు కట్టినప్పుడు ఈ మందులు మెరుగు అని తరువాతి అనుభవం చెబుతోంది. శరీరం సొంత కాపలాదారులను లేపే అటెజొలిజుమాబ్ అనే ఇంజక్షన్‌కు బెవాసిజుమాబ్ కలిపి ఇస్తే ముదిరిన కాలేయ క్యాన్సర్‌లో సగం మంది 19.2 నెలలు దాటారు. అదే పరీక్షలో సోరాఫెనిబ్ ఒక్కటే తీసుకున్న వారికి అది 13.4 నెలలు. 2020లో ఈ జోడుకు అనుమతి వచ్చింది. దాని ఖర్చు మళ్లీ మనవంటి వారి నెత్తి మీది కొండే.

260 క్వింటాళ్ల వడ్లు

ఇక ధర కథ. సోరాఫెనిబ్ జర్మనీకి చెందిన బేయర్ కంపెనీ మందు. నెక్సావర్ పేరుతో అమ్మేది. 2008 మార్చిలో దానికి మన దేశంలో పేటెంటు దక్కింది. అంటే 2020 దాకా మరొకరు తయారు చేయరాదు. మందు మాత్రం దిగుమతి చేసుకునేదే. రోజుకు నాలుగు మాత్రల చొప్పున నెలకు 120 మాత్రలు. ధర 2,80,428 రూపాయలు.

ఆ అంకె ఎంతటిదో మన కొలతలో చూద్దాం. 2011-12లో సాధారణ రకం వడ్లకు ప్రభుత్వ మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. ఒక నెల మాత్రలకు దాదాపు 260 క్వింటాళ్ల వడ్లు పోయాలి. ఎకరాకు 25 క్వింటాళ్లు పండినా పదెకరాల పైచిలుకు పంట, పెట్టుబడి తీయకుండానే. అది ఒక్క నెలకు.

హైదరాబాదులో 1981లో నన్నపనేని వెంకయ్య చౌదరి స్థాపించిన నాట్కో ఫార్మా ఆ మందును తాము చవకగా చేస్తామని 2010 చివర బేయర్‌ను అనుమతి అడిగింది. బేయర్ ఒప్పుకోలేదు. నాట్కో అప్పుడు చట్టం పుస్తకం తెరిచింది. మన పేటెంటు చట్టంలో 84వ సెక్షన్ అని ఒకటి ఉంది. పేటెంటు ఇచ్చి మూడేళ్లు దాటాక కూడా ఆ వస్తువు ప్రజల అవసరానికి సరిపడా దొరకకపోతే, అందుబాటు ధరలో లేకపోతే, దేశంలో తయారు కాకపోతే, మరొకరికి తయారీ హక్కు ఇవ్వమని ఎవరైనా అడగవచ్చు. 2011 జులైలో నాట్కో దరఖాస్తు పెట్టింది.

పేటెంట్ల కంట్రోలర్ జనరల్ పి.హెచ్. కురియన్ ఇరుపక్షాలనూ విని 2012 మార్చి 9న తీర్పు ఇచ్చారు. ఈ మందు అవసరమైన రోగుల్లో రెండు శాతానికి కాస్త పైబడి మాత్రమే దాన్ని పొందుతున్నారని ఆయన లెక్క తేల్చారు. మిగతా 98 మంది సంగతేమిటి? మూడు షరతుల్లోనూ బేయర్ తప్పిందని, నాట్కోకు తప్పనిసరి లైసెన్సు ఇస్తున్నామని ప్రకటించారు. దేశ చరిత్రలో ఇదే మొదటిది. నెల మాత్రలు 8,880 రూపాయలకు మించి అమ్మరాదు, ఏటా కనీసం 600 మంది నిరుపేద రోగులకు ఉచితంగా ఇవ్వాలి, అమ్మకాలపై ఆరు శాతం బేయర్‌కు చెల్లించాలి అన్నవి షరతులు. వడ్ల లెక్కలో 260 క్వింటాళ్లు కాస్తా ఎనిమిదిన్నర క్వింటాళ్ల లోపుకు దిగాయి.

బేయర్ ఊరుకోలేదు. అప్పీలు బోర్డుకు వెళ్లింది. బోర్డు 2013 మార్చిలో లైసెన్సును సమర్థిస్తూ చెల్లింపును మాత్రం ఏడు శాతానికి పెంచింది. బొంబాయి హైకోర్టు 2014 జులైలో, సుప్రీం కోర్టు అదే ఏడు డిసెంబరులో బేయర్ పిటిషన్లను తోసిపుచ్చాయి. 2020లో పేటెంటు గడువే తీరిపోయింది. ఇప్పుడు ఆ మాత్రను ఒకటికి నాలుగు కంపెనీలు చేస్తున్నాయి.

పరిశోధనకు కోట్లు పోశాం, లాభం రాకపోతే రేపు కొత్త మందు ఎవరు కనిపెడతారు అన్నది బేయర్ వాదన. అందులో నిజం లేకపోలేదు. 33 ఏళ్ల ఫోక్‌మన్ శ్రమ చూశాక ఆ మాట తీసిపారేయలేం. అయినా నూటికి ఇద్దరికి మాత్రమే అందే మందు మిగతా తొంభై ఎనిమిది మందికి కనిపెట్టనట్లే లెక్క అని ఈ విలేఖరి అభిప్రాయం.

బెవాసిజుమాబ్ ఇంజక్షన్‌కు కూడా హైదరాబాదు తయారీలు వచ్చాయి. హెటిరో 2016లో, డాక్టర్ రెడ్డీస్ 2019లో తమ తమ రకాలను మార్కెట్లోకి తెచ్చాయి. అన్నట్లు ఇదే ఇంజక్షన్‌ను చాలా చిన్న మోతాదులో కంటిలోనూ ఇస్తారు. వయసు మళ్లిన వారికి, షుగర్ ముదిరిన వారికి కంటి వెనుక పొరలో పిచ్చి నాళాలు మొలిచి చూపు పోతుంది. ఆ నాళాలను ఎండగట్టడానికన్న మాట. కంటికి ఇంజక్షన్ అనగానే భయపడి లేచి వచ్చేసే వాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

మడి అమ్మే ముందు

డాక్టరు ఈ మందు రాస్తే అడగవలసిన ప్రశ్నలున్నాయి. అడిగితే డాక్టరుకు కోపం వస్తుందని మన వాళ్ల సంకోచం. రానివ్వండి. ఇది జబ్బును మాన్పడానికా, కొన్ని నెలలు ఆపడానికా? మా మనిషి కాలేయం దీన్ని తట్టుకునే స్థితిలో ఉందా? కామెర్లు ముదిరి, పొట్టలో నీరు చేరిన వారికి ఈ మాత్ర వల్ల మేలు కన్నా బాధే ఎక్కువ కావచ్చు. ఎన్ని వారాల తరువాత స్కానింగు తీసి, పని చేయకపోతే ఆపేస్తారు? ఇదే మందు వేరే కంపెనీది తక్కువకు ఉందా? చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయించుకుంటే ధరలు పోల్చి చూసుకోవచ్చు.

హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిది. బాన్సువాడ నుంచి దాదాపు నూట యాభై కిలోమీటర్లు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కింద క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి పది లక్షలకు పెంచారు. ఏ ఆసుపత్రిలోనైనా ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర కూర్చుని, ఈ మందు పథకంలో వస్తుందా రాదా అని పేరు చెప్పి అడగాలి. అప్పు పత్రం మీద సంతకం ఆ తరువాతి పని.

కామెర్లకు పసరు పోయించుకుంటూ రెండు మూడు నెలలు గడిపేవారు మన వైపు ఇంకా ఉన్నారు. కన్ను పచ్చబడి, తిండి సహించక, కుడి పక్క డొక్కలో బరువుగా ఉండి మనిషి తగ్గిపోతూ ఉంటే అది పసరుకు లొంగే కామెర్లు కాకపోవచ్చు. ఆవగింజ నిమ్మకాయ అయ్యేది ఆ నెలల్లోనే. చిన్నగా ఉన్నప్పుడు పట్టుకుంటే కోసి తీసేయవచ్చు, నెత్తురు కాలువ మందుల దాకా పోనక్కర లేదు. అసలు కాలేయ క్యాన్సర్‌కు మూలాల్లో ముఖ్యమైనది హెపటైటిస్-బి అనే కామెర్ల క్రిమి. తాగుడు మరొకటి. బూజు పట్టిన పల్లీలు, మక్కల్లోని విషం ఇంకొకటి. ఆ క్రిమికి టీకాను మన దేశంలో జన్యు పద్ధతిలో మొదట తయారు చేసింది కూడా హైదరాబాదే. వరప్రసాద రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దాన్ని తెచ్చింది. ఇప్పుడది పుట్టిన బిడ్డకు ఇరవై నాలుగు గంటల లోపు ఒకటి, తరువాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే అయిదు జబ్బుల టీకాలో కలిపి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తున్నారు.

సోరాఫెనిబ్ వాడే రోగిని ఇంట్లో చూసుకునే వారికి రెండు మూడు మాటలు. మాత్ర ఖాళీ కడుపున, అంటే తిండికి గంట ముందు గాని రెండు గంటల తరువాత గాని వేయాలి. అరికాళ్లు మండుతుంటే గట్టి చెప్పులు, వేడి నీళ్లు మాని మెత్తటి చెప్పులు వాడాలి, మండిన చోట వాసెలిన్ వంటిది రాయాలి. తోలు ఊడుతుంటే మాత్ర మానేయకుండా డాక్టరుకు ఫోను చేసి అడగాలి, మోతాదు తగ్గించే వీలుంటుంది. పన్ను పీకించుకోవలసి వచ్చినా ఈ మాత్ర వేసుకుంటున్నామని ముందే చెప్పాలి. మొదటి ఆరు వారాలు వారానికి ఒకసారి బి.పి. చూపించుకోవాలి. అందుకు హైదరాబాదు పోనక్కర లేదు. బాన్సువాడ ఏరియా ఆసుపత్రిలో చూస్తారు, ఊళ్లో ఉపకేంద్రం నర్సమ్మ దగ్గరా ఆ యంత్రం ఉంటుంది. చూసిన తేదీ, అంకె ఒక నోటుబుక్కులో రాయించుకుని, తరువాత పట్నం వెళ్లినప్పుడు డాక్టరు ముందు పెట్టాలి.